డిడెరో “అంధులను గూర్చిన లేఖ”

ఫ్రెంచి తత్త్వవేత్తయగు డిడెరో 1749లో ప్రకటించిన “అంధులను గూర్చిన లేఖ” ఆనాటి ప్రభువులకు రుచింపలేదు. ఆ యేడే ఆయనను విన్‌సెన్ కోటలో నిర్బంధించిరి. నేడు దానిని చదువువారు అందలి మతవిమర్శనే విశేషముగ కొనియాడుదురు. నాకు ముఖ్యమని తోచిన ప్రశ్న వేఱు: అంధుడు ఎదుటి గోడను ఎట్లెఱుగును?

లేఖారంభమున పుయిజో యను నూరి అంధుడొకడు కలడు. పాత్రలో పోయు నీటి చప్పుడును బట్టియే అది నిండినదో లేదో అతడు చెప్పగలడు. కాని దాపుననున్న వస్తువును మాత్రము ముఖమునకు సోకు గాలివలన గ్రహించునని గ్రంథకర్త వ్రాసెను. చెవి నేర్పును ఒకచోట మెచ్చుకొని, వెంటనే చర్మమునకు ఆ ఘనతను కట్టబెట్టుట వింతయే.

పిదప 1782 నాటి అనుబంధమున మెలనీ ద సలిన్యాక్ అను అంధకన్య వచ్చును. ఆమె తన యడుగుల చప్పుడును బట్టియు, కంఠధ్వని మాఱుమ్రోగుటను బట్టియు చుట్టునున్న చోటు ఎంతటిదో అంచనా వేసెడిది. సమాధానమిదియే! డిడెరో దీనిని తన పాతమాటతో సరిచూచుకొనలేదు. ఆమె గుణవర్ణనలో మునిగిపోయెను. ఆ వర్ణన మనోహరము. నేనును దానికి లోబడినవాడనే.

అయినను ఈ పొరపాటు స్వల్పమైనది కాదు. “ముఖదృష్టి” యను పేర ఇట్టి యూహయే చిరకాలము ప్రచారములో నుండెను. అది చర్మమున పుట్టిన అపూర్వశక్తియైనచో నేర్పుటెట్లు? అబ్బినవారికబ్బును, తక్కినవారు చేయూతకై వేచియుండవలసినదే. 1944లో ప్రకటితమైన అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయపు పరీక్షలు ఈ భ్రమను తొలగించినవి. ముఖమునకు దట్టమైన ముసుగు వేసినను అంధులు అడ్డును కనిపెట్టిరి. చెవులు మూసినంతనే దానిని ఢీకొనిరి. గంతలు కట్టుకొన్న చూపుగలవారు సైతము అభ్యాసముచే ఈ విద్యను సాధించిరి.

నేడు నాలుకతో టక్కున చప్పుడుచేసి, తిరిగివచ్చు ధ్వనిని వినుచు నడచుటను పాఠముగ నేర్పుచున్నారు. 2021లో వెలువడిన యొక పరిశోధనలో 12 మంది అంధులును, 14 మంది చూపుగలవారును పదివారములు శిక్షణపొంది ముందంజ వేసిరి. వారి వయస్సు 21 మొదలు 79 వఱకు. చేతికఱ్ఱను మాత్రము విడువరాదు. గోతిని కఱ్ఱ చెప్పును. తలకు తగులు కొమ్మను మాఱుమ్రోత చెప్పును. మన యిండ్లలోనో, బాలుడు నాలుకతో చప్పుడు చేసిన “ఊరకుండు” మని గదుముదుము.

ఈ లేఖను తెనిగింప బూనువారెవరైన నున్నచో, వెనుకటి అనుబంధమును విడువక చేర్పవలెననియు, మెలనీ యడుగుల చప్పుడున్న పుట దిగువ కార్నెల్ పరీక్షల సంగతిని తెలుపవలెననియు నా కోరిక.