సీసము కనబడితే చాలునా?

గణపవరములో ఒక పెంపుడు కుక్క ఉన్నట్టుండి నురగలు కక్కి, కాళ్ళు కొట్టుకొంటూ పడిపోయినదనుకొందాము. వీధిలోనివారు దానిని పిచ్చికుక్క అంటారు. కర్ర తీసేవారు కూడ ఉంటారు. నాలుగు అక్షరములు చదివినవారు “సీసవిషము” అంటారు. రెండవమాట శాస్త్రీయముగా తోచును. కాని పరీక్షకు ముందే పేరుపెట్టుట అనే దోషము రెండింటిలోను ఒక్కటే.

ఈ దోషమును 2020 డిసెంబరులో ఏలూరులో పెద్దయెత్తున చూచినాము. 5వ తేదీ నుండి కొద్దిరోజులలోనే 600 మందికి పైగా మూర్ఛలు మొదలగు లక్షణములతో ఆసుపత్రికి వచ్చినారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్తపు నమూనాలలో సీసము, నికెల్ కనబడినవనగానే కారణము దొరికినదని పలువురు తేల్చివేసినారు. పరీక్ష చేయుట అవసరమే, దానిని తప్పుపట్టరాదు. దానినుండి తీసిన సిద్ధాంతమే తొందరపాటు. బాధితులలో చాలమంది త్వరలోనే తేరుకొని ఇండ్లకు వెళ్ళినారు. సీసము సాధారణముగా శరీరములో కొంతకాలము పేరుకొని బాధించును. వందలమందిని ఒక్కసారి పడవేసి వెంటనే విడిచిపెట్టుట దాని స్వభావము కాదు. ఆ నెల మధ్యకే నిపుణుల అభిప్రాయము పురుగుమందుల అవశేషములవైపు మొగ్గినది.

ఇక మన కుక్కవద్దకు వత్తము. మూర్ఛకు రేబిస్, డిస్టెంపర్, పురుగుమందు, సీసము—ఏదైనను కారణము కావచ్చును. రేబిస్ కాదని తేలేవరకు దాని నోటివద్ద చేయి పెట్టరాదు. పశువైద్యుడు మొదట అడిగేది దాని చరిత్ర. పాత రంగు గీకిన ఇల్లా? పాత బ్యాటరీ ముక్కలు, వలల సీసపు గుండ్లు నమిలినదా? మూర్ఛకు ముందు వాంతులు, కడుపునొప్పి, ఆకలి మందగించుట ఉన్నవా? మ్రింగిన లోహపు ముక్కలు కడుపులో ఉంటే ఎక్స్‌రేలో కనబడును. రక్తపు పూతలో ఎర్రకణములపై నీలిచుక్కలు, కేంద్రకము గల ఎర్రకణములు కనబడితే అనుమానము బలపడును. అంతమాత్రమున రుజువు కాదు.

తరువాత రక్తములోని సీసమును కొలవవలెను. సీసములో అధికభాగము ఎర్రకణములలోనే ఉండును గనుక సీరమును కాక, పూర్తి రక్తమునే పంపవలెను. డెసిలీటరుకు సుమారు 35 మైక్రోగ్రాములు దాటి, లక్షణములు కూడ సరిపోయినప్పుడే సీసవిషమనవచ్చును. స్వల్పముగా కనబడితే, ఆ కుక్కకు సీసము ఎక్కడో తగిలినదని మాత్రమే అర్థము. జబ్బుకు అదే కారణమని కాదు. నమూనా తీసుకొనుటలోను మోసము కలదు: జింకును కొలవదలచినప్పుడు గొట్టపు రబ్బరు బిరడానుండి కూడ జింకు రక్తములోనికి దిగవచ్చును.

ఇంత పట్టింపు ఎందుకని అడుగవచ్చును. ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందు తిన్న కుక్కకు వెంటనే అట్రోపిన్ కావలెను. దానిని సీసవిషమనుకొని కాలము గడిపితే ప్రాణము పోవును. నిజముగా సీసమే అయితే కడుపులోని ముక్కను ముందు తొలగించి, తరువాత కాల్షియం ఇ.డి.టి.ఏ. వంటి మందు ఇవ్వవలెను. పేరు తప్పినచో చికిత్సయు తప్పును.

మరొక కారణము కలదు. కుక్కయు, పసిబిడ్డయు ఒకే నేలపై తిరుగును. ఆ దుమ్మే ఇద్దరి నోటికిని పోవును. అమెరికాలోని ఇల్లినాయిలో 83 కుటుంబముల పిల్లల రక్తమును, కుక్కల రక్తమును పోల్చి 1976లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, కుక్కలో సీసము హెచ్చుగా ఉన్న ఇంట బిడ్డలోను హెచ్చుగా ఉండే అవకాశము పెరుగును. అనగా కుక్కకు సరియైన నిర్ధారణ చేయుట ఆ ఇంటి బిడ్డకు ముందుగా హెచ్చరిక చేయుటయే.

“కనబడినది” అనుటకును, “కారణమైనది” అనుటకును మధ్య ఎంతో దూరమున్నది. ఆ దూరమును చరిత్ర, లక్షణము, పరిమాణము, ఇతర కారణముల నిరాకరణ అనే నాలుగు అడుగులలో దాటవలెను. ఉపాధ్యాయులు ఈ నాలుగింటిని తరగతిలో నేర్పితే, రేపు ఊరిలో కర్ర తీసేవాని చేతిని ఒక విద్యార్థి ఆపగలడు.