మొదటి రౌండులో ఓడేవాడి కోసం నిబంధనలు

పోకెమాన్ పోటీకి నిబంధనలు రాయడం ఏ ఆట ఆడించాలో తేల్చుకోవడంతో మొదలవుతుంది. 1996లో జపాన్‌లో గేమ్ బాయ్ మీద వచ్చిన మొదటి ఆటలో 151 జీవులుండేవి. రెండు గేమ్ బాయ్‌లను కేబుల్‌తో కలిపి ఇద్దరు తలపడేవారు. ఇప్పుడు ఆ జీవుల సంఖ్య వెయ్యి దాటింది, ఆటలూ రకరకాలయ్యాయి. అధికారిక పోటీలు నింటెండో స్విచ్ మీద, పోకెమాన్ గోలో, పోకెమాన్ యునైట్‌లో, కార్డులతో విడివిడిగా జరుగుతూ వచ్చాయి. తిరువళ్ళూరులోనో తిరుత్తణిలోనో ఒక ఆదివారం పదహారు మందిని పోగుచేసి టోర్నీ పెట్టాలనుకునేవారికి ఇందులో చాలా భాగం అక్కరకు రాదు. స్విచ్ ఉన్న ఇల్లు అరుదు. ఫోన్ లేని కుర్రాడు అంతకన్నా అరుదు.

ఫోన్ మీద దారులు రెండు. ఒకటి పోకెమాన్ గో. 2016 జులైలో విడుదలై, ఆ డిసెంబరులో రిలయన్స్ జియోతో ఒప్పందం ద్వారా మన దేశానికి వచ్చింది. ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోరాడే సదుపాయం 2018 చివర్లో చేరింది. ఇందులో గ్రేట్ లీగ్‌లో 1500 సీపీ (పోరాట బలం) మించిన జీవిని దించకూడదు, అల్ట్రా లీగ్‌లో పరిమితి 2500. ఈ పరిమితి వల్ల కొత్తవాడికీ కొంత ఊపిరి ఆడుతుంది. అయినా నెలల తరబడి వీధులు తిరిగి జీవుల్ని పోగుచేసుకున్నవాడి చేతిలో ఉండే ఎంపిక నిన్న డౌన్‌లోడ్ చేసుకున్నవాడికి ఉండదు.

రెండో దారి పోకెమాన్ షోడౌన్. ఇది అభిమానులు నడిపే ఉచిత సిమ్యులేటర్, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. జీవుల్ని పట్టాల్సిన పని లేదు, టీమ్‌ను టైప్ చేసి పెట్టుకుంటే చాలు. అసలు టీమే కట్టనక్కరలేని రాండమ్ బ్యాటిల్ కూడా అందులో ఉంది. ఇద్దరికీ ఆరేసి జీవుల్ని యంత్రమే పంచుతుంది, బలహీనమైనవాటికి ఎక్కువ లెవెల్, బలమైనవాటికి తక్కువ లెవెల్ ఇచ్చి సరిచూస్తుంది. పాత కాపులు దీన్ని చిన్నచూపు చూస్తారు, అదృష్టం పాలు ఎక్కువంటారు. ఊళ్ళో మొదటిసారి పెట్టే టోర్నీకి ఇంతకన్నా తగినది లేదు. టీమ్ కట్టడంలో రెండేళ్ళ అనుభవం ఉన్నవాడు, నిన్ననే నేర్చుకున్నవాడు ఒకే చోటి నుంచి బయల్దేరతారు. టీమ్ పేపర్ల తనిఖీ అనే పెద్ద తలనొప్పి నిర్వాహకులకు మొదట్లోనే తప్పుతుంది.

టీమ్ కట్టుకునే పోటీయే కావాలంటే సింగిల్సా, డబుల్సా అన్నది తర్వాతి ప్రశ్న. 2009లో మొదలైన అధికారిక వీడియో గేమ్ చాంపియన్‌షిప్స్‌ది డబుల్స్ పద్ధతి. ఆరింటిని తెచ్చి, ప్రతి ఆటకూ వాటిలోంచి నాలుగు ఎంచుకుని, రెండేసి చొప్పున దించుతారు. ఎంత లెవెల్‌వైనా 50గానే లెక్క. అభిమానుల సంఘాల్లో పేరున్న స్మోగన్‌లో మాత్రం ప్రధానంగా ఆరుకు ఆరు సింగిల్స్. డబుల్స్ ఆటలు త్వరగా ముగుస్తాయి, అదే నిర్వాహకులకు పెద్ద లాభం. బలహీన జీవులకు కూడా పని దొరుకుతుంది. 2014లో వాషింగ్టన్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ టీమ్‌లో పచిరిసు అనే చిన్న ఉడుత ఉంది. బలాబలాల పట్టికలో దాన్ని ఎవరూ లెక్కచేయరు. ప్రత్యర్థి దెబ్బల్ని తనమీదికి మళ్ళించుకుని పక్కనున్న జోడీని కాపాడడమే దాని పని, ఆ పనే టైటిల్ తెచ్చింది. ఇలాంటివన్నీ ముందుగానే బ్యాన్ జాబితాలో పడేస్తే ఆ ముచ్చట ఎవరికీ దక్కేది కాదు.

నిబంధనలు రాసేవాళ్ళ చెయ్యి ఊరుకోనిది ఈ బ్యాన్‌ల దగ్గరే. పరిమితులు పెట్టడం ఈ ఆటకు కొత్త కాదు. 1997లో జపాన్‌లో జరిగిన నింటెండో కప్‌లో 50 నుంచి 55 లెవెల్ మధ్య ఉన్నవాటినే అనుమతించారు. దించే మూడింటి లెవెళ్ళ మొత్తం 155 దాటకూడదన్నారు. అంటే ఒకదాన్ని 55కి పెంచుకుంటే మిగతా రెండూ 50 దగ్గరే ఆగాలి. ఒక్క కూడిక లెక్కతో ఎన్నో వాదనలు తీరిపోయాయి. ఇవి కాక క్లాజులున్నాయి. ఒకే జాతి జీవి రెండుసార్లు ఉండకూడదు, ఒకే వస్తువును రెండు జీవులకు ఇవ్వకూడదు, ప్రత్యర్థి జీవుల్లో ఒకటి మించి నిద్రపుచ్చకూడదు.

నిద్ర క్లాజు ఎందుకో చూస్తే నిబంధన అనేది ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. స్పోర్ అనే మూవ్ గురి తప్పదు. తగిలిన జీవి ఒకటి నుంచి మూడు టర్నులు ఏమీ చేయలేదు. గడ్డి జాతివాటికి అది పనిచేయదు గానీ టీమ్‌లో అవి లేనివాడి గతి అంతే. ఒకదాని తర్వాత ఒకటిగా ఆరూ నిద్రపోతుంటే అవతలివాడు ఫోన్ పట్టుకుని చూస్తూ కూర్చోవాలి. షోడౌన్‌లో ఈ క్లాజు పెట్టుకుంటే యంత్రమే రెండో నిద్ర మూవ్‌ను పారనివ్వదు. అసలు కన్సోల్ ఆటలో ఆ అడ్డు లేదు, ఆటగాడే గుర్తుపెట్టుకోవాలి, తప్పితే జడ్జిని పిలవాలి. చిన్న టోర్నీకి ఇక్కడ ఒక తూకం దొరుకుతుంది. యంత్రం అమలుచేసే నిబంధనలు ఎన్నున్నా భారం కాదు, మనిషి అమలుచేయాల్సినవి మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటట్టు ఉండాలి.

ఏది బలమైనదో తేల్చడానికి స్మోగన్ వాడే పద్ధతి గమనించదగ్గది. ఒక జీవిని ఎంతమంది వాడుతున్నారన్న లెక్కను బట్టి అంతస్తులు ఏర్పడతాయి. పై అంతస్తుకు గీత 4.52 శాతం. పదిహేను ఆటలు ఆడినవాడికి ఆ జీవి ఒక్కసారైనా ఎదురుపడే అవకాశం సగానికి సగం ఉండాలన్న లెక్క నుంచి ఆ అంకె వచ్చింది. వాడకంతో సంబంధం లేకుండా ఆటను చెడగొడుతోందనిపించిన దాన్ని ఓటుకు పెడతారు. 2019 డిసెంబరులో డైనమాక్స్ అనే విద్యను మొత్తంగా తమ సింగిల్స్ నుంచి తీసేశారు. అదే డైనమాక్స్ అధికారిక డబుల్స్‌లో ప్రపంచ పోటీల దాకా కొనసాగింది. ఒకే ఆటకు రెండు సంఘాలు రెండు రకాల తీర్పులిచ్చాయి, రెండుచోట్లా ఆట బాగానే సాగింది. కాబట్టి ఎవరో ఒకరి జాబితాను మక్కీకి మక్కీ తీసుకుని, అది ఎవరిదో కాగితం మీద రాసిపెట్టడం మేలు. సొంత జాబితా తయారుచేయాలనే సరదా మూడో టోర్నీ దాకా ఆగాలి.

అప్పుడు కూడా సూత్రం ముందు, జాబితా తర్వాత రావాలి. ఆ వరస ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల హద్దు తగాదా తీర్చడానికి హెచ్.వి. పటాస్కర్ గ్రామాన్ని యూనిట్‌గా పెట్టుకుని, భాష ఆధిక్యాన్ని, భూభాగం ఆనుకుని ఉండడాన్ని కొలబద్దలుగా తీసుకున్నారు. ఊళ్ళ పేర్లు ఆ తర్వాతే వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో చాలా భాగం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది, అటునుంచి కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. ఆ పంపకం మీద ఇరువైపులా అసంతృప్తి మిగిలినా, ఏ లెక్కన జరిగిందో అడిగితే చెప్పగలిగేవారు. బ్యాన్‌కు కూడా అలాంటి లెక్క ఒకటి ఉండాలి. గత టోర్నీలో ఫలానా జీవి చేతిలో ఓడినవాళ్ళు గట్టిగా అరిచారన్నది లెక్క కాదు.

ఇక పోటీ నడిపే పద్ధతి. నిర్వాహకులకు మొదట తోచేది నాకౌటు, అందులో కాగితం పని తక్కువ. పదహారు మందికి పదిహేను మ్యాచ్‌లు, అయిపోయింది. కానీ మొదటి గంటలోనే ఎనిమిది మంది ఇంటిదారి పడతారు. అరక్కోణం మీదుగా రైలు పట్టుకుని వచ్చినవాడు ఒక్క మ్యాచ్ ఆడి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. వాడు మళ్ళీ రాడు, తమ్ముణ్ణీ పంపడు. అందరూ అందరితో ఆడే లీగు ఎనిమిది మంది ఉంటేనే 28 మ్యాచ్‌లవుతుంది, పదహారు మందికి 120. ఒక్క రోజులో కుదిరేది కాదు.

ఈ రెండింటికీ మధ్య స్విస్ పద్ధతి ఉంది. 1895లో జ్యూరిచ్ చదరంగం పోటీలో మొదట వాడారు కనుక ఆ పేరు. ఓడినా బయటికి పోనక్కరలేదు. ప్రతి రౌండులో సమాన పాయింట్లున్నవాళ్ళు తలపడతారు, ఒకసారి ఆడినవాళ్ళు మళ్ళీ కలవరు. పదహారు మందికి నాలుగు రౌండ్లు. చివర్లో నాలుగూ గెలిచినవాడు ఒక్కడు, మూడు గెలిచినవాళ్ళు నలుగురు, రెండు గెలిచినవాళ్ళు ఆరుగురు, ఒకటి గెలిచినవాళ్ళు నలుగురు, ఏదీ గెలవనివాడు ఒక్కడు మిగులుతారు.

చిక్కు ఇక్కడే. పైనుంచి నలుగురికి సెమీఫైనల్ అని ప్రకటించి ఉంటే ఐదుగురు అర్హులు నిలబడి ఉంటారు. మూడు గెలిచిన నలుగురిలో ఒకణ్ణి ఆపాలి. అలాంటప్పుడు వాడేది ప్రత్యర్థుల బలం. ఒకడు ఓడించినవాళ్ళు, వాణ్ణి ఓడించినవాళ్ళు మిగతా మ్యాచ్‌లలో ఎంత శాతం గెలిచారో చూసి వరస కడతారు. అధికారిక పోటీల్లో ఒక ప్రత్యర్థి అన్నీ ఓడినా అతని శాతాన్ని 25 కన్నా తగ్గించి లెక్కవేయరు. లెక్క సరైనదే, కానీ దశాంశాల దగ్గర ఆగిపోయిన కుర్రాడికి అది సమాధానంగా తోచదు. దానికన్నా అన్నీ గెలిచినవాణ్ణి నేరుగా ఫైనల్లో కూర్చోబెట్టి, మిగతా నలుగురికీ రెండు మ్యాచ్‌లు, గెలిచినవాళ్ళిద్దరికీ ఇంకొకటి పెడితే ఎవరికీ అన్యాయం జరగదు. ఫైనల్ కావాలన్న సరదా లేకపోతే నాలుగో రౌండుతోనే విజేత తేలిపోయినట్టు. సంఖ్య బేసి అయితే ఆ రౌండుకు అట్టడుగున ఉన్నవాడికి ఆట లేకుండా బై ఇచ్చి గెలుపుగా లెక్కిస్తారు, ఒకే మనిషికి రెండుసార్లు ఇవ్వరు.

మ్యాచ్‌కు మూడు ఆటలు ఉండాలా, ఒకటి చాలా? ఈ ఆటలో ఒకే దెబ్బకు కూడా నష్టం 85 నుంచి 100 శాతం మధ్య మారుతుంది, 80 శాతం గురి ఉన్న మూవ్ ఐదింట ఒకసారి తప్పుతుంది. ఒక్కో ఆట గెలిచే అవకాశం 60 శాతం ఉన్నవాడు మూడాటల మ్యాచ్‌ను దాదాపు 65 శాతం గెలుస్తాడు, ఐదాటలైతే 68. మూడు నుంచి ఐదుకు పెంచితే వచ్చే లాభం కొంచెమే, పోయేది గంటల కొద్దీ సమయం. మూడే ఖాయం చేసుకోవాలి.

సమయానికి అధికారిక కొలతలే వాడుకోవచ్చు. టీమ్‌లు చూసుకోవడానికి 90 సెకన్లు, ఒక్కో టర్నుకు 45 సెకన్లు, మొత్తం మీద ఆటగాడికి 7 నిమిషాలు, ఆటకు 20 నిమిషాలు. మూడాటల రౌండుకు 50 నిమిషాలు పెడితే నాలుగు రౌండ్లకు మూడు గంటల ఇరవై నిమిషాలు. భోజనానికి ముందు రెండు, తర్వాత రెండు. షోడౌన్‌లో స్నేహితులు పిలుచుకుని ఆడేటప్పుడు టైమర్ దానంతటది మొదలవదు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. నొక్కితే నమ్మకం లేదన్నట్టుంటుందని మొహమాటపడేవాళ్ళే ఎక్కువ. అందుకని ఆట మొదలవగానే ఇద్దరూ నొక్కి తీరాలని రాసిపెడితే ఆ మొహమాటం పోతుంది. ఫోన్‌లో సిగ్నల్ పోతే పోయినవాడిదే నష్టం, హాలు మొత్తానికి కరెంటో వైఫైయో పోతే ఆ ఆట మొదటినుంచి. ముగిసిన ప్రతి ఆట రీప్లేను దాచమనాలి, తగాదాలో సాక్ష్యం అదే.

వెనక నిలబడి చూసేవాళ్ళ నోళ్ళకు కూడా ఒక నిబంధన కావాలి. ఈ ప్రాంతంలో చాలామందికి తెలుగూ అరవమూ రెండూ వచ్చు, అందరికీ రావు. “మార్చరా, దాన్ని మార్చు” అని ఆడేవాడి అన్న తెలుగులో అంటే అవతల కూర్చున్న తమిళ కుర్రాడికి అర్థం కాకపోవచ్చు. ఏ భాషలోనూ ఆడేవాడితో మాట్లాడకూడదు, ఒకసారి హెచ్చరిక, రెండోసారి ఆ ఆట పోయినట్టే. నిబంధనల కాగితం మాత్రం రెండు భాషల్లోనూ ఉండాలి. జడ్జి ఆడకూడదు. చిన్న ఊళ్ళలో నిర్వాహకుడే బాగా ఆడేవాడు కావడం మామూలే, ఆ రోజుకు ఆ సరదా వదులుకోవాలి.

డబ్బు విషయంలో సాహసం పనికిరాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, డబ్బు కట్టి డబ్బు వస్తుందన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడకుండా నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను విడిగా చూసి ప్రవేశ రుసుమును, బహుమతిని ఒప్పుకుంది గానీ, దానికి గుర్తింపు, నమోదు కావాలంది. తమిళనాడుకు 2022 నాటి సొంత చట్టం కూడా ఉంది. 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు అందులోంచి రమ్మీ, పోకర్ నిషేధాన్ని తప్పించినా చట్టం నిలిచింది. పదహారు మంది టోర్నీకి ఈ చట్టాల గొడవ ఎందుకు? రుసుము వద్దు, నగదు బహుమతి వద్దు. హాలు అద్దె, టీ ఖర్చు ఎవరైనా భరిస్తే ఒక కప్పు, నలుగురికి సర్టిఫికెట్లు చాలు.

తేదీ పెట్టేటప్పుడు పంచాంగం చూడక తప్పదు. అమావాస్య నాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి వచ్చే జనంతో ఊరు నిండిపోతుంది. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు వస్తాయి, డిసెంబరు 31న మెట్ల పండుగ. ఆ రోజుల్లో రైల్లో నిలబడే చోటు దొరకదు, హాలూ దొరకదు. రెండు ఊళ్ళవాళ్ళూ రావాలంటే ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పెట్టడం న్యాయం. మొదటి రౌండు పదింటికి మొదలుపెట్టి, పదిహేను నిమిషాలు దాటి వచ్చినవాడికి మొదటి ఆట పోయినట్టు లెక్కించాలి. రౌండంతా పోగొడితే రైలు ఆలస్యానికి వాణ్ణి శిక్షించినట్టవుతుంది.

పేర్ల నమోదు ముగిశాక ఏ నిబంధనా మార్చకూడదు. మార్పులన్నీ టోర్నీ అయ్యాక, వచ్చేసారికి. ఎవరికి ఏ బ్యాన్ కావాలో కాగితం మీద తీసుకుని ఓటు పెట్టవచ్చు, నూటికి అరవై మంది ఒప్పుకుంటేనే చెల్లుతుందనాలి. స్మోగన్‌లో ఓటు కావాలంటే ముందు ర్యాంకింగ్ ఆటల్లో నిర్ణీత స్థాయి చేరాలి. పదహారు మంది ఉన్న చోట ఆ వడపోత అనవసరం. నాలుగు రౌండ్లూ కూర్చుని ఆడినవారందరికీ, నాలుగూ ఓడినవాడితో సహా, తలా ఒక ఓటు ఇవ్వాలి.