ఇంగ్లీషు పలుకుబడులు - రష్యను చదువరులు

ఒక భాషలోని పలుకుబడిని వేఱొక భాషవారికి విప్పిచెప్పుట పదమునకు అర్థము చెప్పుటవంటి పని కాదు. ఈ సంగతి నిఘంటుకారు లందఱకును తెలిసినదే. అయినను ఇంగ్లీషు నేర్చుకొను రష్యనులకై వెలువడు చిన్న పలుకుబడుల పుస్తకములను చూచినచో, తెలిసిన సంగతిని ఎంత సులభముగా మఱవవచ్చునో బోధపడును. వానిలో పెక్కింటి యమరిక యొక్కటే. పుటను నిలువుగా రెండు పాళ్లు చేసి, ఎడమవైపున ఇంగ్లీషు పలుకుబడిని, కుడివైపున దానికి సరియని తలచిన రష్యను పలుకుబడిని నిలిపెదరు. నడుమ నొక గీత యుండును. ఆ గీత సమానచిహ్నమని చదువరి నమ్మును. మా యాక్షేపణ యంతయు ఆ గీతను గూర్చియే.

కొన్నియెడల దానివలన హాని లేదు. ఇంగ్లీషువారును రష్యనులును క్రైస్తవ వేదమును, గ్రీకు పురాణగాథలను చిరకాలముగా చదివినవారు. చేతులు కడుగుకొనుట, నిషిద్ధఫలము, అకిలీసు మడమ, మొసలి కన్నీరు - ఇవి రెండు భాషలలోను ఒకే రూపమున, ఇంచుమించుగా నొకే యర్థమున నున్నవి. పిలాతు చేతులు కడుగుకొనిన కథ తెలిసిన రష్యనునకు ఆ ఇంగ్లీషు నుడిని వేఱుగ బోధింప నక్కఱలేదు.

వానను గూర్చిన పలుకుబడి కొంచెము దూరపుది. జోరువాన పట్టినపుడు ఇంగ్లీషువాడు పిల్లులును కుక్కలును కురియుచున్నవనును. రష్యనుడు బొక్కెనతో కుమ్మరించినట్లున్నదనును. మన కుండపోతకు రష్యనుల బొక్కెనయే దగ్గఱి చుట్టము. ఇచ్చట అర్థము చెప్పుట తేలిక. కాని పుస్తకకర్తలు కొందఱు అర్థముతో తృప్తిపడక, పూర్వము ఇంగ్లండులో పూరికప్పులపై పండుకొనిన పిల్లులును కుక్కలును వానకు జాఱి క్రిందబడెడివని యొక కథను జోడించెదరు. ఆ కథకు ఆధారము లేదు. ఈ నుడి 1738లో వెలువడిన జొనాథన్ స్విఫ్టుగారి సంభాషణ గ్రంథమున గానవచ్చును. పూరికప్పుల మాట అందు లేదు. విద్యార్థికి నిజముగా కావలసిన మాట మఱియొకటి కలదు. ఈ నుడి నేటి ఇంగ్లీషువారి నోట అరుదుగానే వినబడును, పాతవాసన గొట్టును. పాఠపుస్తకములలో దీనికి గల మర్యాద లండను వీథులలో లేదు. ఈ ముక్క చెప్పని పుస్తకము అర్థము సరిగా చెప్పియు విద్యార్థిని నవ్వులపాలు చేయును.

"న్యూకాసిలునకు బొగ్గులు మోయుట" యనునది ఇంతకంటె చిక్కుగలది. టైను నదీతీరమున నున్న ఆ పట్టణము శతాబ్దులుగా బొగ్గునకు ప్రసిద్ధము. అచటి బొగ్గు ఓడలపై లండనునకు పోయెడిది. సమృద్ధిగా నున్నచోటికే ఆ వస్తువును మోసికొనిపోవు వ్యర్థశ్రమ దీని భావము. ఆ ప్రాంతపు కడపటి లోతుగని 2005లో మూతపడినది. నుడి మాత్రము నిలిచియున్నది. దీని కెదుట రష్యను పుస్తకములు "తన సమవారుతో తూలాకు పోవుట" యని వ్రాయును. తూలా మాస్కోకు దక్షిణమున నున్న నగరము. పదునెనిమిదవ శతాబ్ది తుదినుండి, తేనీటికి నీరు కాచు సమవారులకు పేరుపడినది. భావము చక్కగా కుదిరినది, ముచ్చటగాను ఉన్నది. కాని యొక ఇంగ్లీషు నవలను రష్యనులోనికి మార్చుచు, గనికూలి నోట ఈ నుడిని పెట్టిచూడుడు. ఆ కూలి తూలా పేరు వినియుండడు, సమవారును కంట జూచియుండడు. అర్థము నిలిచినది, మనుష్యుడు పోయినాడు. రష్యనులోనే దీనికి మఱియొక నుడి కలదు: "అడవికి కట్టెలు తోలుట." అడవులు దేశమునకు కట్టువడినవి కావు, కట్టెలు ఎచ్చటనైనను కట్టెలే. అనువాదకునకు తగిన నుడి యిది. మాస్కోవాసి యొకడు తన పొరుగువానితో మాటాడునపుడు తూలా నుడి తగును. రెండింటిని ఒకే గడిలో ప్రక్కప్రక్కన వ్రాసి యూరకుండు పుస్తకము ఈ భేదమును చదువరికి దాచుచున్నది.

ఇది గోరంతను కొండంత చేయుట గాదు. ఈ భేదముపై రష్యను సాహిత్యమున శతాబ్దికి మించి వివాదము నడచినది. డికెన్సు 1836-37లో వెలువరించిన పిక్విక్ కథలో శామ్ వెల్లర్ అను సేవకుడు కలడు. ఆతని బ్రతుకంతయు నుడికారమే; నోరు విప్పినచో లండను పేటల చమత్కారము దొరలుచుండును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఈ కథను రష్యనులోనికి మార్చిన ఇరినార్ఖ్ వ్వెదెన్‌స్కీగారి సిద్ధాంత మేమన, అనువాదకుడు గ్రంథకర్తను తాను ఊపిరి పీల్చు నాకాశము క్రిందికి గొనివచ్చి, ఆతడిచ్చటనే పెరిగియున్నచో నెట్లు పలుకునో యట్లు పలికింపవలెనని. ఆ రచనలో జీవము పొంగిపొరలినది. రష్యనులు దానిని ప్రేమతో చదివిరి. కాని డికెన్సు వ్రాయని మాటలును అందు పెక్కు చేరినవి. కొర్నేయ్ చుకోవ్‌స్కీగారు ఆ తప్పులను ఏఱి చూపియు, డికెన్సు నవ్వును పట్టుకొనగలిగిన ఆ యనువాదకుని మెచ్చుకొనకుండ నుండలేకపోయిరి. పిదప 1933లో అలెక్సాంద్రా క్రివ్‌త్సోవా, యెవ్గేనీ లాన్ అను దంపతులు వేఱొక యనువాదము వెలువరించిరి. వీరు చేర్చలేదు, విడువలేదు; ప్రతి పదమునకును కట్టువడిరి. 1936లో ఇవాన్ కాష్కిన్‌గారు దానిని అక్షరదాస్యమని ఖండించిరి. ఆ ఖండనమును తట్టుకొని యా యనువాదము మరల మరల అచ్చయినది.

ఈ యిరువురిలో మా యోటు ఎవరికని యడిగినచో, శామ్ వెల్లర్ విషయమున మాత్రము వ్వెదెన్‌స్కీగారి కని చెప్పెదము. నవ్వింపని విదూషకుని పదములన్నియు సరిగానున్న నేమి లాభము? అయినను ఆయన మార్గమును ఇంగ్లీషు నేర్చుకొను విద్యార్థికి పాఠముగ నిచ్చుటకు మే మొప్పుకొనము. అనువాదకుడు తన చదువరికి ఇంగ్లండును మఱపింపవచ్చును. విద్యార్థి ఇంగ్లండును తెలిసికొనుటకే వచ్చినాడు. రెండు పాళ్ల పుస్తకము అనువాదకుని పనిముట్టును తెచ్చి విద్యార్థి చేతిలో పెట్టుచున్నది.

తూలా నుడివలన రుచిమాత్రమే చెడును. మర్యాద చెడు చోట్లును కలవు. చనిపోయినాడనుటకు ఇంగ్లీషులో "బొక్కెనను తన్నినాడు" అను మోటుమాట కలదు. రష్యనులో "గిట్టలు విసరివేసినాడు" అను మాట దానికి సరియైన జోడు; రెండును ఒకే యంతస్తువి. మన పట్టణములలోను "బాల్చీ తన్నేసినాడు" అను తర్జుమా వాడుకలోనికి వచ్చినది. చావింటికి పోయి ఎవడును ఆ మాట అనడు. పుస్తకము ఈ జోడును చూపినచో మేలే. కాని యా పుస్తకములు కొన్ని "బొక్కెనను తన్నుట" కెదుట "చనిపోవుట" యని సాదాగా వ్రాసి ముగించును. ఆ పుటను నమ్మిన విద్యార్థి ఇంగ్లీషు మిత్రునకు పరామర్శలేఖ వ్రాయ గూర్చుండెనా, ఏమగునో యూహించుకొనవచ్చును. వ్యాకరణదోషమును పరభాషీయునకు ఎవరైనను క్షమింతురు. దుఃఖములో నున్నవానిని ఎగతాళి చేసినట్లు తోచిన మాటను క్షమించుట కష్టము. తప్పు పుస్తకమున నున్నదని ఆ మిత్రునకు తెలియదు గదా.

రూపమొకటియై అర్థము వేఱైన నుడులు ఇంకను ప్రమాదకరములు. "ముక్కు పట్టి నడిపించుట" రెండు భాషలలోను కలదు. ఇంగ్లీషులో దీని కర్థము ఒకని పూర్తిగా తన చెప్పుచేతలలో నుంచుకొనుట; మన ముక్కుతాడు వంటిది. రష్యనులో అదే నుడికి మాయమాటలతో మోసపుచ్చుట యని యర్థము. పదములన్నియు తెలిసినవే గనుక రష్యను విద్యార్థికి నిఘంటువు తెఱవవలెనని తోచనే తోచదు. ఇట్లే ఇంగ్లీషువారి "కాలు లాగుట". అది మిత్రులు చేసికొను పరిహాసము. మన దేశమున అదే మాట, పైకి వచ్చువానిని అసూయతో క్రిందికి దిగలాగుట యను విషము గ్రక్కు నర్థమునకు తిరిగినది. రష్యను పుస్తకములు కొన్ని దీని కెదుట "చెవులకు సేమియాలు వ్రేలాడదీయుట" యని వ్రాయును. సేమియాల నుడి మిక్కిలి రుచ్యమైనదే గాని, దాని యర్థము అబద్ధములతో బురిడీ కొట్టించుట. ఒక నవ్వుటమాట ఆ గీతను దాటునప్పటికి వంచనగా మాఱినది.

ఈ చిక్కు బడిపిల్లలది మాత్రమే యనువారు 1956వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ఆ నవంబరు 18వ తేదీన మాస్కోలోని పోలండు రాయబారి కార్యాలయపు విందులో, సోవియటు నాయకుడు నికీతా క్రుశ్చేవు పాశ్చాత్య రాయబారులతో పలికిన మాట "మేము మిమ్ము పాతిపెట్టెదము" అని లోకమెల్ల ప్రాకినది. చరిత్ర తమ పక్షమున నున్నదనియు, ధనస్వామ్యము కూలిన పిదపను తాము మిగిలియుందుమనియు ఆయన యభిప్రాయము. తాము పారతో గోతులు త్రవ్వుదుమని కాదని 1963లో యుగోస్లావియాలో ఆయనయే వివరించుకొనవలసి వచ్చినది. అంతలో ఏడేండ్లు గడచినవి. 1959లో మాస్కోలోని అమెరికను ప్రదర్శనశాలలో నిక్సనుగారి యెదుట ఆయన వాడిన "కూజ్మా తల్లిని చూపించెదము" అను నుడి మఱియొక విధమైనది. తగిన శాస్తి చేసెదమని దాని భావము. పదమునకు పదము మార్చినచో ఆ తల్లి యెవరో తెలియక అమెరికనులు తెల్లబోవలసినదే.

పండితులు ఈ విషయమును ఉపేక్షించిరనుట అన్యాయము. 1946-47లో విక్తోర్ వినొగ్రాదోవుగారు రష్యను పలుకుబడులను మూడు తెగలుగా విభజించిరి: పదముల యర్థమునుండి భావము ఏమాత్రమును రానివి, పోలిక ఇంకను కంటికి కనబడునవి, ఒక్క పదము మాత్రము కట్టువడియున్నవి. ఈ విభాగము ఒక భాష లోపలి యమరికను జూచుటకు మంచిదే. దేనిని ఎవరితో అనవచ్చునో చెప్పదు. విద్యార్థికి అంతకంటె మేలుచేసినది అలెక్సాందర్ కూనిన్‌గారి ఇంగ్లీషు-రష్యను పలుకుబడుల నిఘంటువు. అది మొదట 1955లో వెలువడినది. 1984 నాటి నాలుగవ కూర్పున ఇంచుమించు 20,000 పలుకుబడులు కలవు. ఈ నిఘంటువు మోటుమాటను మోటుమాట యనియు, పరిహాసమును పరిహాసమనియు గుర్తుపెట్టి చెప్పును. తగిన జోడు లేనిచోట లేని జోడును సృష్టింపక వివరించి యూరకుండును. అన్నిటికంటె ముఖ్యముగా, రచయితల వాక్యములను ఉదాహరించి, నుడి ఎట్టి సందర్భమున పుట్టునో కన్నులకు గట్టించును. మా కొకటే కొఱత తోచుచున్నది. ఉదాహరణములు ఎక్కువగా గ్రంథములనుండి వచ్చినవి గనుక, ఏది వీథిలో బ్రతికియున్నదో, ఏది బీరువాలో మాత్రమే యున్నదో చదువరి గుర్తింపలేడు. ఆ సంపుటము బరువైనది కూడ. చిన్న పుస్తకములవారు దానినుండి జోడులను మాత్రము ఎత్తుకొని, గుర్తులను, ఉదాహరణములను విడిచిపెట్టినచో, మామిడిపండు తొక్కను తిని గుజ్జును పాఱవేసినట్లే.

బీరువా మాట వచ్చినది గనుక ఒక సంగతి. "బీరువాలోని అస్థిపంజరము" అను ఇంగ్లీషు నుడి, కుటుంబము దాచుకొను రహస్యమను నర్థమున, ఇప్పుడు రష్యనులోను ఉన్నదున్నట్లుగ స్థిరపడినది. "కడుపులో సీతాకోకచిలుకలు" అట్లే పోయినది గాని, దారిలో అర్థము మార్చుకొన్నది. ఇంగ్లీషువానికి అవి పరీక్షకు ముందరి జంకు. రష్యనులలో తఱచుగా వలపునకు గుర్తు. ఇట్లు ఎరువు వెళ్లిన నుడుల విషయమున పాతపుస్తకము కుడివైపున తప్పుపోవుటకును వీలున్నది. అందుచేత ఇట్టి పుస్తకములను పదేండ్లకొకసారియైన తిరుగవేయవలెను.

ఎదురుదిక్కున నడచిన "ఎలుగుబంటి సేవ" మనకు దగ్గఱిది. మేలు చేయబోయి కీడు చేయుటను రష్యనులు ఇట్లనెదరు. నిద్రించు మిత్రుని ముఖముపైనున్న యీగను రాతితో కొట్టిన ఎలుగు కథను క్రిలోవుగారు రష్యనులో వ్రాసిరి. వారికి ముందు ఫ్రెంచిలో లా ఫొంతేను వ్రాసెను. మన పంచతంత్రమున కత్తితో ఈగను కొట్టబోయి రాజును చంపిన కోతి ఈ యెలుగునకు బంధువే. ఇంగ్లీషులో దీనికి జంతువు లేదు. రష్యను విద్యార్థి ఎలుగును వెంటబెట్టుకొని ఇంగ్లండునకు పోయినచో ఎవరును గుర్తింపరు.

ఇక నాటకశాలల మాట. రంగమెక్కబోవు నటునితో ఇంగ్లీషువారు "కాలు విఱుగగొట్టుకొనుము" అనెదరు. రష్యనులో దీనికి జోడు "నీ పూఖా, నీ పెరా": నూగును వలదు, ఈకయు వలదు. ఇది వేటగాండ్ర మాట. మంచి కోరినచో దుష్టశక్తి విని చెఱచునని, వేట దొరకకూడదని పైకి కోరెదరు. బిడ్డకు పెంటయ్యయని పేరుపెట్టి దృష్టిని తప్పించు మనవారికి ఇది వివరింప నక్కఱలేదు. జోడు బాగుగనే కుదిరినది, పుస్తకములన్నిట నున్నది. కాని రష్యనులో ఈ మాటకు బదులు పలుకుట తప్పనిసరి, ఆ బదులును ఒక్కటే: "దయ్యము కడకు పో!" అట్లనకున్నచో దీవెన ఫలింపదు. ఇంగ్లీషులో నటుడు కృతజ్ఞత తెలిపి రంగమెక్కును. గీతకు కుడివైపున ఈ బదులును, ఎడమవైపున దాని లేమిని వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును. ఆ పంక్తి లేనందున, దీవించిన ఇంగ్లీషు స్నేహితుని దయ్యము కడకు పంపి, ఆతని ముఖమేల చిన్నబోయినదో తెలియక రష్యను యువకుడు నిలుచుండును.