పాట ఆపి వినండి

ఇంట్లో హార్న్ స్పీకర్లు పెట్టుకున్నవాళ్లు ‘కేకేస్తోందండీ’ అని పిలిస్తే నేను ముందు పాట ఆపమంటాను. మామూలు స్పీకరు ఒక వాట్‌కి మీటరు దూరంలో 87, 88 డెసిబెల్స్ ఇస్తే మంచి హార్న్ వంద దాటిస్తుంది. పాటతోపాటు ఆంప్లిఫయర్ లోపలి బుస కూడా అంతే పెరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, లోతుగా గుమ్మంటుంటే ముందు ఎర్తింగ్ చూస్తాను. గరుకుగా 100 దగ్గర రొద పెడితే పవర్ సప్లై కెపాసిటర్లు.

పాట మొదలయ్యాక వచ్చే తేడాకి మార్పిడిని మించిన పరీక్ష లేదు. ఆంప్లిఫయర్ దగ్గర ఎడమ, కుడి వైర్లు మార్చితే రొద కూడా అటు మారిందా, తప్పు వెనకున్న పరికరాలది. మారకపోతే స్పీకర్లనే ఒకదాని చోట ఒకటి పెట్టాలి. బరువు కదా, ఎవరూ చేయరు. కానీ అప్పుడూ రొద అదే మూలన ఉండిపోతే డ్రైవర్లు కొనే ఖర్చు తప్పినట్టే. అది గది రొద.

మన ఇళ్లలో పైన శ్లాబు, చుట్టూ ప్లాస్టరింగ్ గోడలు, కింద టైల్స్. చప్పట్లు కొడితే ఎదురెదురు గోడల మధ్య శబ్దం టరటరా పరుగెడుతుంది. తారస్థాయిలో వయొలిన్ చెవిని గుచ్చేది చాలాసార్లు ఇందువల్లే. ఒక గోడకి పుస్తకాల బీరువా చేరితే తగ్గుతుంది. మంద్రంలో లెక్క వేరు. నాలుగు మీటర్ల పొడవున్న గది 43 హెర్ట్జ్‌నీ, దాని రెట్టింపు 86నీ ఉబ్బిస్తుంది. కుర్చీ గోడకి ఆనించి కూర్చుంటే మృదంగం తొప్పి బుంగలా మోగుతుంది. మీటరు ముందుకి జరిగితే ఆ 86 దాదాపు మాయం. తొప్పి తొప్పిలా వినిపించే చోటు ఆ మధ్యలోనే వెతుక్కోవాలి.

పాల్ క్లిప్ష్ 1946లో అమెరికాలోని హోప్ అనే ఊళ్లో కంపెనీ పెట్టి అమ్మిన క్లిప్ష్‌హార్న్, మూలలోని రెండు గోడలనే హార్న్ చివరి భాగంగా వాడుకుంటుంది. ఆ మూలలో తలుపున్నా, పాత మోడళ్లలో పెట్టెకీ గోడకీ మధ్య సందున్నా బాస్ పలచబడుతుంది. సందులో ఫోమ్ పట్టీ అంటిస్తే తీరేదానికి ఆంప్లిఫయర్లే మార్చేస్తుంటే నాకు బాధేస్తుంది.

రేకు హార్న్ అయితే పాట నడుస్తుండగా వెనకవైపు అరచెయ్యి గట్టిగా ఆనించండి. గణగణ తగ్గితే అక్కడ తారు షీటు అతికించండి. తగ్గక, గదిలో ఎక్కడ కూర్చున్నా, స్పీకరు దగ్గరికెళ్లి విన్నా అదే ముక్కుగొంతు వస్తుంటే అప్పుడే హార్న్‌ని అనుమానిస్తాను. నోరు చిన్నదైతే కింది స్వరాలు అంచు దాకా వచ్చి లోపలికే తిరిగిపోతాయి. క్రాసోవర్‌ని పైకి జరపాలి, లేదంటే పెద్ద నోరున్న హార్న్ తెచ్చుకోవాలి.