రోజుల తరబడి అస్తమించే సూర్యుడు

విశాఖ బీచ్‌లో సూర్యబింబం సముద్రం మీద తొంగిచూసినప్పటి నుంచి పూర్తిగా పైకి తేలేదాకా పట్టేది రెండు నిమిషాల పైచిలుకు. దక్షిణ ధ్రువం మీద అమెరికా నడిపే అముండ్‌సెన్-స్కాట్ పరిశోధన కేంద్రం దగ్గర అదే బింబం దిగంతాన్ని దాటడానికి లెక్క ప్రకారం 30 గంటల పైనే కావాలి. అక్కడ ఏడాదికి సూర్యోదయం ఒక్కటే, సెప్టెంబరు మూడో వారం దాటాక. అస్తమయమూ ఒక్కటే, మార్చి మూడో వారం దాటాక.

ధ్రువం మీద సూర్యుడు రోజూ ఎక్కి దిగడు. దిగంతానికి సమాంతరంగా కుడి నుంచి ఎడమకు చుట్టూ తిరుగుతూ, అస్తమయం దగ్గరపడ్డాక రోజుకు 0.4 డిగ్రీల చొప్పున కుంగుతాడు. అది తన వెడల్పు కంటే తక్కువే. మంచును ఆనుకుని ఉన్న గాలి బాగా చల్లగా, పైగాలి కాస్త వెచ్చగా ఉండటంతో కిరణాలు వంగి, బింబం నలిగి, అడ్డంగా ముక్కలైనట్టు కనిపిస్తుంది. పై అంచున ఆకుపచ్చటి మెరుపు తళుక్కుమంటుంది. మన దగ్గర ఆ మెరుపు కనిపించినా ఒకటి రెండు సెకన్లే. 1929లో అంటార్కిటికా తీరాన లిటిల్ అమెరికా శిబిరంలో అన్వేషకుడు బర్డ్ బృందం దాన్ని వస్తూ పోతూ 35 నిమిషాల పాటు చూసింది. అందుకే ధ్రువం మీద పెద్ద టెలిఫొటో లెన్స్ బిగించి, కొద్ది గంటలకోసారి బయటికెళ్లి అదే సూర్యుణ్ణి మళ్లీ మళ్లీ తీస్తారు. ఏ రెండు ఫొటోలూ ఒకలా రావు.

చలితో వేగడమే ఈ విద్యలో సగం. మార్చిలోనే ఉష్ణోగ్రత మైనస్ 50 దాటుతుంది. కెమెరాలో బ్యాటరీ చూస్తుండగానే నీరసిస్తుంది కాబట్టి, రెండోదాన్ని కోటు లోపలి జేబులో ఒంటివేడికి దాచి మార్చుకుంటూ ఉండాలి. కేబుళ్లు పెళుసెక్కి విరుగుతాయి. వట్టి చేత్తో ట్రైపాడ్ ముట్టుకుంటే చర్మం లోహానికి అతుక్కుంటుంది. వ్యూఫైండర్ మీదికి వంగినప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే అద్దం మీద మంచు పేరుకుంటుంది. తిరిగి లోపలికొచ్చే ముందు కెమెరాను బయటే జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసేయాలి. గదిలోని తేమ కవరు మీద పడుతుంది, లెన్స్ పొడిగా ఉంటుంది. అది గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు.

గాలిలో సన్నటి మంచు పలుకులు తేలే రోజున సూర్యుడి చుట్టూ వరదగుడి కడుతుంది. ఆరు పలకల బిళ్లలు బల్లపరుపుగా రాలితే బింబానికి ఇరుపక్కలా ఉత్తుత్తి సూర్యులు వెలుగుతారు. పెన్సిల్ ముక్కల్లాంటివి అడ్డంగా రాలితే వరదగుడి నెత్తిన మరో వంపు తేలుతుంది. వరదగుడి వ్యాసార్ధం 22 డిగ్రీలు కాబట్టి వైడ్ లెన్స్ వాడాలి. సూర్యుణ్ణి ఏ జెండా కర్ర చాటుకో తెచ్చి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే పలచటి రంగులు నిలుస్తాయి.

మే నడిమికి కాటుక చీకటి. మసక వెలుగును కొలిచే పరికరాల కోసం కేంద్రం కిటికీలు మూసేస్తారు. బయట నడకకు ఎర్ర టార్చి, దారి చూపే జెండాలే ఆధారం. చంద్రుడు రెండు వారాలు ఆకాశంలోనే ఉండి, రెండు వారాలు కనిపించడు. ధ్రువకాంతులకు ఆ రెండో పక్షమే అనువు. నిదానంగా వెలిగే కాంతికి పది పదిహేను సెకన్లు ఇవ్వొచ్చు. తెరలా రెపరెపలాడుతుంటే రెండు మూడు సెకన్లే ఇవ్వాలి, లేదంటే మడతలన్నీ అలుక్కుపోతాయి. లెన్స్ నడినెత్తికి తిప్పి గంటల తరబడి వదిలేస్తే నక్షత్రాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ వలయాలు గీస్తాయి. ఒక్కటీ ఉదయించదు, అస్తమించదు.

ఈ శ్రమకు విలువ ఏమిటంటే, చిత్రం సాక్ష్యమవుతుంది. 1911లో అంటార్కిటికా అన్వేషకుడు స్కాట్ బృందంలోని ఎడ్వర్డ్ విల్సన్ చలిలో రంగులు కలపడం కుదరక పెన్సిల్‌తో గీసి, ఎక్కడ ఏ రంగో పక్కనే రాసుకుని, గుడిసెలోకి వచ్చి బొమ్మ పూర్తిచేసేవాడు. దశాబ్దాల తర్వాత అలాస్కా గణితవేత్త వాల్టర్ టేప్ దక్షిణ ధ్రువం వద్ద వరదగుళ్లను ఫొటో తీస్తూ, అదే వేళ రాలుతున్న మంచు పలుకులను పట్టి వాటినీ ఫొటో తీశాడు. ఏ ఆకారపు పలుకు ఏ వంపును గీస్తుందో కంప్యూటర్ లెక్కలతో సరిచూడటానికి అవి పనికొచ్చాయి. 1994లో వచ్చిన ఆయన పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ ప్రామాణికం.

విల్సన్ పాటించిన పద్ధతి నేటి కెమెరాకూ వర్తిస్తుంది. వైట్ బ్యాలెన్స్ మార్చకుండా ఒకచోట ఉంచాలి, కంటికి లేని రంగును కంప్యూటర్లో పులమకూడదు. ప్రతి ఫొటోకూ అంతర్జాతీయ సమయం, ఉష్ణోగ్రత, దిశ రాసుకోవాలి. ధ్రువం మీద ఎటు తిరిగినా ఉత్తరమే కనుక గ్రీనిచ్ రేఖ వైపును ఉత్తరంగా లెక్కపెట్టుకుంటారు. ఈ మూడు ముక్కలు రాసి లేకపోతే ఎంత అందమైన ఫొటో అయినా క్యాలెండరుకు తప్ప పరిశోధనకు పనికిరాదు.