పిట్ట బొమ్మ కింద ఎవరి మాట?

విజయవాడ నుంచి తెల్లవారకముందే కెమెరాలు భుజాన వేసుకుని బయలుదేరేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. కృష్ణ కరకట్ట, కైకలూరు దగ్గరి ఆటపాక, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు, నాగాయలంక దిగువన మడ అడవులు వాళ్లు వెళ్లే చోట్లు. తీసిన పిట్టల బొమ్మలను ఒకరికొకరు పంపుకుంటారు, ప్రదర్శనలు పెడతారు, క్యాలెండర్లు వేస్తారు. అవి మన పిల్లల ఫోన్లలోకి, బడి గోడల మీదికి కూడా వస్తున్నాయి. కథనూ పాటనూ చదివి మంచిచెడ్డలు చెప్పినట్టే ఈ బొమ్మలకూ చెప్పాలని మేము అనుకుంటున్నాం.

మంచి ముందు చెప్పాలి. ఒకప్పుడు పిట్టను గుర్తించడమంటే తుపాకీతో కొట్టి, తోలు ఒలిచి, పెట్టెలో పెట్టడమే. ఇప్పుడు పిట్ట ఎగిరిపోతుంది, బొమ్మ మిగులుతుంది. ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కకు ఈ ఔత్సాహికులే చేతులు, కళ్లు. వాళ్ల ఓపికనూ ప్రేమనూ తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే బొమ్మను ఎలా కడుతున్నారో చూడండి. పిట్ట ఒక్కటే స్పష్టంగా ఉంటుంది, వెనకదంతా మసక. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటి మీదే గూళ్లు పెడుతున్నాయి. ఆ ఇనుము కనబడకుండా తీసిన బొమ్మకే మెప్పు ఎక్కువ. చేపల చెరువు గట్టు మీద కొంగను తీస్తారు. అదే గట్టు మీద గుడిసె వేసుకుని, ఆ కొంగ చేపను ఎత్తుకుపోకుండా రాత్రింబగళ్లు కాపలా కాసే యానాది కుటుంబం బొమ్మలోకి రాదు. కొంగకూ కావలివాడికీ మధ్య ఉన్న చెరువు ఎవరిదన్న ప్రశ్న అసలే రాదు. మనిషి లేని అడవి, మనిషి లేని నీళ్లు అందంగా ఉంటాయన్న అభిప్రాయం చూసేవాళ్లలో మెల్లగా స్థిరపడుతుంది.

ఇక బొమ్మ కింది మాట. ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు, కెమెరా, లెన్సు వివరాలు ఉంటాయి. తెలుగు పేరు అరుదు. మన పేర్లు ఉట్టి పిలుపులు కావు, చూసిన చూపు వాటిలో ఉంది. నత్తగుల్ల కొంగ అంటే దాని తిండి తెలిసిపోతుంది. గూడబాతు అన్న మాట, ముక్కు కింద సంచి ఉన్న ఆ పక్షిని చూస్తే, పొలానికి నీళ్లు తోడే గూడను గుర్తుకు తెస్తుంది. దాని లాటిన్ పేరు పెలెకానస్ ఫిలిప్పెన్సిస్. ఫిలిప్పీన్స్ పేరు మోస్తున్న ఆ పక్షి ఆ దేశంలో అంతరించిపోయింది. ఆటపాకలో మాత్రం పిల్లలు చేస్తోంది.

పేరు పోతే ఏం పోతుందో తెలుసుకోవడానికి డెల్టా దాటి కడప జిల్లాకు వెళ్లాలి. అక్కడి ముళ్లపొదల్లో తిరిగే ఒక పక్షికి 19వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు జెర్డాన్ పేరు పెట్టారు. 1900 తర్వాత అది శాస్త్రవేత్తల కంటబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు అది మళ్లీ దొరికింది. దొరికించింది స్థానిక వేటగాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది కలివి కోడి. కలివి పొదల్లో ఉండే కోడి అని ఆ పేరులోనే దాని చోటు ఉంది. అది రాత్రి తిరిగే పిట్ట. పగలు వెతికినవాళ్లకు కనబడనిది, రాత్రి అడవి ఎరిగినవాడికి కనబడింది. పుస్తకాల్లో ఇప్పటికీ అది జెర్డాన్ పేరుతోనే ఉంది.

ఇది గౌరవం గురించిన గొడవ మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఈ బొమ్మలు, లెక్కలు రేపటి రికార్డులు. ఏ చెరువును కాపాడాలి, ఎవరిని బయట ఉంచాలి అన్నది వాటిని చూసి కూడా తేలుస్తారు. కొల్లేరును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ మార్పులన్నిటినీ సరస్సు మీద బతికే వడ్డీలు, కూలీలు భరించాల్సి వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పిట్టల గురించిన వార్తల్లో మనవాళ్లు కనిపిస్తే ఉచ్చుతో దొరికిన నేరస్థులుగానే కనిపిస్తున్నారు. ఉచ్చులు వేసి పిట్టల్ని అమ్మడాన్ని మేము సమర్థించం, అది ఆగాలి. కానీ వలతో పట్టేవాడి దగ్గర పిట్ట గురించిన తెలివి కూడా ఉంది. తమిళనాడులో ఇరుళులు పాములు పట్టే తమ తెలివితోనే 1978లో సహకార సంఘం పెట్టుకుని, విషం తీసి మందుల తయారీకి ఇస్తున్నారు. 2023లో మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు పద్మశ్రీ వచ్చింది. పాముల విషయంలో సాధ్యమైంది పిట్టల విషయంలో ఎందుకు కాదు?

కెమెరాలవాళ్లను అడగాల్సింది ఒకటుంది. దారి చూపినవాడిని, పేరు చెప్పినవాడిని, ఒప్పుకుంటే బొమ్మ కింద రాయండి. గూడు ఉన్న చోటు మాత్రం ఎవరికీ చెప్పకండి.

యువతకు చెప్పాల్సింది ఇంకొంచెం ఎక్కువ. వాళ్ల బొమ్మల్ని పంచుకుని ఊరుకోవద్దు. మీ చేతిలోనూ ఫోను ఉంది. పిట్టను తీయండి, అది నిలబడిన నీటినీ గట్టునూ మనిషినీ కూడా తీయండి. టీచర్లు బడి గోడ మీది పిట్టల పటం కింద ఒక ఖాళీ గడి గీయాలి. యానాది, ఎరుకల, కోయ, సవర పిల్లలు ఇంటికి వెళ్లి అవ్వనూ తాతనూ అడిగి ఆ గడి నింపాలి: మనం దీన్ని ఏమంటాం, ఎప్పుడు వస్తుంది, ఏం తింటుంది, ఎలా అరుస్తుంది, ఈ మాట ఎవరు చెప్పారు. కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. చెప్పగలిగిన ముసలివాళ్లు పోయిన ఇళ్లవి అవి. మిగతా ఇళ్లకు ఈ ఏడే వెళ్లాలి.