కొండ కింద వెలుతురు

సెలవు రోజు తెల్లవారకముందే నందికొండ దారిలో బెంగళూరు బండ్లు బారులు తీరతాయి. అందరి ఆత్రం ఒక్కటే, పొగమంచులో సూర్యోదయం. 1,478 మీటర్ల ఎత్తున మంచు బాగానే ఉంటుంది గాని, ఆ ఫోటో ఏ కొండ మీదైనా దొరుకుతుంది. చిక్కబళ్ళాపురం సీమలో తప్ప ఇంకెక్కడా దొరకని ఫోటో కొండ కిందే, నంది ఊళ్ళో, భోగనందీశ్వరుడి గుడిలో ఉంది.

రాష్ట్రకూట మూడో గోవిందుని కాలం నాటి క్రీ.శ. 806 తామ్రశాసనంలోనే ఇక్కడి శివాలయం మాట ఉంది. ఆ తర్వాత చోళులు, హొయసలలు, విజయనగర రాజులు ఎవరికి తోచింది వాళ్ళు కట్టారు. అందుకే ఇక్కడ కెమెరా తీసే ముందు ఊరికే ఓ చుట్టు తిరగాలి. ఏ గోడ మీద ఎప్పుడు ఎండ పడుతుందో చూసుకోవాలి. భోగనందీశ్వర ఆలయం దక్షిణపు గోడకు నాట్యమాడే శివుడి రాతి కిటికీ ఉంది. ఉత్తరపు గోడ కిటికీలో మహిషం తల మీద నిలబడ్డ దుర్గ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి శివుడికి ఏటవాలు ఎండ తగిలి చెక్కడం గీతగీతా లేచి కనిపిస్తుంది. దుర్గ నీడలోనే ఉంటుంది. అదీ మంచిదే, మెత్తటి వెలుతురులో రాయి పగుళ్ళు కూడా తెలుస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మాత్రం కెమెరా సంచిలో పెట్టేసి టిఫిన్‌కి వెళ్ళడం మేలు.

ఈ ఆవరణలోని రెండు పెద్ద గుళ్ళ నడుమ ఉమామహేశ్వరుడి చిన్న గుడి. దాని ముందు కల్యాణ మంటపం, నల్లరాతి స్తంభాలు, వాటి మీద దేవతల జంటలు, తీగలు, పక్షులు. ఫోన్‌లన్నీ బోల్తాపడేది ఇక్కడే. ఎదుట అంతా నల్లగా ఉంటే కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, నల్లరాయి బూడిదరంగుకి తిరుగుతుంది. తెర మీద వేలు పెట్టి వెలుతురును ఒక మెట్టు దించితే నలుపు నలుపుగా నిలుస్తుంది. పురావస్తు శాఖ గుడి కాబట్టి అనుమతి లేనిదే ట్రైపాడ్ కుదరదు. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీయాల్సిందే.

స్తంభాన్ని తీసే కిటుకు మధ్యధరా తీరం నుంచి అరువు తెచ్చుకోవచ్చు. జిరో ద ప్రాంజే అనే ఫ్రెంచివాడు 1842లో బయలుదేరి ఏథెన్స్, కైరో లాంటి పాత నగరాలను దగేరోటైపు అనే తొలినాటి ఫోటో పలకల మీద తీశాడు. నిలువైన కట్టడానికి సన్నటి నిలువు పలక, బారైన దృశ్యానికి అడ్డపలక వాడేవాడు. ఎదుట ఉన్నదాన్ని బట్టే చట్రం. మనవాళ్ళు మంటపం మొత్తం ఒక్క ఫోటోలో ఇరికించాలని చూస్తారు. ఒక్క స్తంభాన్ని ఒంటరిగా తీసుకుంటే అందులో అగ్ని, స్వాహాదేవి జంట ఎంత పొందికగా ఒదిగిందో కనపడుతుంది.

బాగేపల్లి వైపు పోతే రాయి కంటే మనుషులు ఎక్కువ పలుకుతారు. కన్నడ బోర్డుల కింద తెలుగు మాటలు. గుమ్మనాయకనపాళ్యం పాలెగాళ్ళ కోట గోడల దగ్గర మేకలు తోలుకొచ్చిన పెద్దామెను "అవ్వా, ఫోటో తీసుకోమంటావా?" అని అడిగితే, "ఉండప్పా, కొంగు సర్దుకోనీ" అంటుంది. అడక్కుండా దూరం నుంచి లాగేసే జూమ్ లెన్సుకు ఆ కొంగు సర్దుబాటు దొరకదు. నా లెక్కలో అసలు ఫోటో అదే.

చింతామణి దగ్గర కైవారం. గాజులమ్మిన యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన ఊరు. కైలాసగిరి గుహాలయం లోపలి నుంచి బయటికి తీస్తే బయటి ఎండ తెల్లగా పేలిపోతుంది. పొద్దువాలే దాకా ఆగితే లోపలి దీపమూ బయటి ఆకాశమూ సరితూగుతాయి. చింతామణి ఊళ్ళోకి వస్తే టమాట మండీలో చిక్కు వేరు. నీలం టార్పాలిన్ కింద మొహాలన్నీ నీలంగా వస్తాయి, పండ్ల ఎరుపు చస్తుంది. "అన్నా, ఒక అడుగు ఇట్లా రాప్పా" అని టమాటలమ్మే మనిషిని పట్ట అంచుకు పిలిస్తే చాలు, బుట్టతో సహా వెలుతురులోకి వస్తాడు.